తాళం ఆగిన చోటు

ఆఫీసులో అందరూ ఆమెను సంతకాలమ్మ అనేవారు. అదేదో అమ్మవారి పేరులా ఉందని మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. పోనుపోను అసలు పేరు పెట్టి పిలిస్తేనే ఎవరినో అనుకుని పలకడం మానేసింది. వాళ్ళ కంపెనీ పాటల వీడియో గేములు చేస్తుంది. తెర మీద పైనుంచి రంగురంగుల చుక్కలు జారుతూ వస్తాయి. అవి కింది గీతను తాకే క్షణానికి ప్లాస్టిక్ గిటారు మీటాలి, ప్లాస్టిక్ డ్రమ్ము కొట్టాలి, లేదా మైకులో పాడాలి. తప్పారో, పాటలో ఆ వాయిద్యం మూగబోతుంది, తెరలోని జనం ఈలలేసి గోల చేస్తారు. తప్పులు మితిమీరితే తెర ఎర్రబడి ఆట ఆగిపోతుంది. అలాంటి ఆటలోకి పేరున్న పాట ఒక్కటి రావాలంటే కట్టినవాళ్ళు, పాడినవాళ్ళు, వాయించినవాళ్ళు, రికార్డు అమ్మినవాళ్ళు అందరూ ఔనని సంతకం పెట్టాలి. ఆ సంతకాలు తేవడమే ఆమె పని. ఒకరు ఔనన్న రోజే ఇంకొకరు అలుగుతారు. దీనికంటే పెళ్ళి సంబంధాలు కుదర్చడం నయం, అక్కడ అలిగేది రెండు వైపులే అని సంతకాలమ్మ సణుక్కునేది.

ఇప్పుడామె పట్టుకున్న పాట మామూలుది కాదు. రేడియో ఉన్న ప్రతి ఇంటికీ నోటికొచ్చిన పాట. చిన్నప్పుడు జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసి అక్క ఆ పాటే పెట్టేది. అందుకే అది వింటే ఈనాటికీ సంతకాలమ్మకు కళ్ళు తెరిచే ఉన్నా నిద్రలో ఉన్నట్టుంటుంది, గోడలు కాస్త దూరం జరిగినట్టుంటాయి. పాట కట్టిన బృందంలో అందరూ సంతకం పెట్టేశారు, డ్రమ్ములాయన తప్ప. ఆయన ఆ పాట పాడినావిడ భర్తే. అయినా ఆయన దగ్గర ఆవిడ పప్పులు కూడా ఉడకలేదు. 'మా పాటను మీరేం చేశారో ముందు నా చేతులతో వాయించి చూసుకోవాలి' అని కబురు పంపాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక భార్యాభర్తలిద్దరూ వచ్చారు. బయట ముసురు పట్టి ఉంది. ఆట ఆడే గదికి కిటికీల్లేవు. గోడలకు మెత్తటి నురగ పలకలు, కాళ్ళ కింద దళసరి తివాచీ. తెర వెలిగిస్తే నీలం, ఆకుపచ్చ నీడలు మనుషుల ముఖాల మీదుగా మెల్లగా ఈదుతూ పోతాయి. ఆ గదిలో ఎవరైనా తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడతారు. పాడినావిడ మాత్రం తగ్గించలేదు.

"ఈయనకి ఈమధ్య మతిమరుపు వచ్చిందమ్మా. కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతుకుతాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే రాడు. చేతులకి మాత్రం ఇంకా మతిమరుపు రాలేదు. నాకదొక్కటే ధైర్యం."

"నీ గొప్పలు కూడా చెప్పు మరి, ఎందుకు దాచుకోవడం?" అన్నాడాయన స్టూలు సర్దుకుంటూ.

"చెప్తాను, నాకేం భయం? ఒక్కసారంటే ఒక్కసారి తాళం తప్పలేదు నేను. డ్రమ్ములాయన పెళ్ళాం కాబట్టి పాడనిచ్చారన్నారు చూడు, వాళ్ళ నోళ్ళు దాంతోనే మూయించాను."

ఆయన నవ్వి కళ్ళు మూసుకున్నాడు. పాట మొదలైంది. ప్లాస్టిక్ డ్రమ్ముల మీద ఆ ముసలి చేతులు ఎంత తేలిగ్గా వాలాయంటే, సంతకాలమ్మ గోడకు ఆనుకుని మళ్ళీ జ్వరపు మంచంలోకి జారిపోయింది. పల్లవి బంగారంలా సాగింది. చరణంలో పొడుగాటి వరుస వచ్చేసరికి ఎక్కడో ఏదో తట్టుకుంది. డ్రమ్ము మూగబోయింది. తెరలో జనం ఈలలేశారు. ఆయన తడబడి అందుకున్నాడు, మళ్ళీ కలిశాడు. రెండో చరణంలో సరిగ్గా అక్కడే మళ్ళీ తప్పాడు. మూడోసారి పాట సగంలోనే ఆగి, తెర మొత్తం ఎర్రబడింది.

ఆయన కర్రలు రెండూ పక్కన పెట్టి, ఒళ్ళో చేతులు చూసుకున్నాడు.

"నాకీ పాట ఇంకోలా గుర్తుంది" అన్నాడు నెమ్మదిగా. "చేతులకి కూడా వచ్చేసిందన్నమాట. ఇంక చాల్లే. ఈ రోజుతో కర్రలు పక్కన పెట్టేస్తాను."

"ఊరుకోవయ్యా, ఇవేవో పిల్లలాడుకునే బొమ్మలు" అందావిడ. కానీ ఆ గొంతులో ఇందాకటి దర్జా లేదు. ఆయన కాస్త గాలి కావాలని వసారాలోకి వెళ్ళిపోయాడు. నడవడం తెలియనివాడిలా గోడ పట్టుకుని వెళ్ళాడు. చూస్తుంటే సంతకాలమ్మ గుండె చెరువైపోయింది. సంతకం సంగతి దేవుడెరుగు, వాయించి బతికిన మనిషిని తామే పిలిచి, కూర్చోబెట్టి, నీకిక రాదని ఈల వేయించారు.

అయితే ఆమెకో అనుమానం. పాట ఆ చోట తట్టుకున్నప్పుడు తనకూ ఒళ్ళు ఉలిక్కిపడింది. చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టు. జ్వరంలో విన్న పాట ఒళ్ళు మర్చిపోదు. ఆమె తిన్నగా గళ్ళాయన దగ్గరికి నడిచింది.

గళ్ళాయన పని పాటకు చుక్కలు పేర్చడం. కంప్యూటరులో పాటను గళ్ళు గళ్ళుగా కోసి, ఒక్కో దెబ్బను ఒక్కో గడిలో కూర్చోబెడతాడు. మంచివాడే, చాదస్తం ఎక్కువ. బల్ల మీద పెన్ను వంకరగా ఉంటే మాట్లాడుతూనే సరిచేస్తాడు.

"అన్నయ్యా, ఆ పాటనేమైనా చేశారా?"

"చేయడమేంటమ్మా, బాగుచేశాను" అన్నాడు సంబరంగా. "పాతకాలం వాయింపు కదా, చరణానికోసారి డ్రమ్ము వెనకబడుతోంది. రవ్వంతే అనుకో. గళ్ళలో పడక చచ్చాను. మొత్తం లాగి తిన్నగా కూర్చోబెట్టాను."

"ముందుదీ, మీరు చేసిందీ పక్కపక్కన వినిపించండి."

రికార్డు కంపెనీ వాళ్ళు ఏ వాయిద్యానికావాయిద్యం, గొంతుకు గొంతు విడదీసి పంపారు. పాతదానిలో గొంతు ఒక్కటే పెట్టి విన్నారు. పొడుగాటి వరుస మధ్యలో సన్నగా, గబుక్కున ఊపిరి పీల్చిన చప్పుడు. డ్రమ్ము ఒక్కటే పెట్టి విన్నారు. సరిగ్గా ఆ ఊపిరంత మేర దెబ్బ ఆగి ఉంది. ప్రతి చరణంలోనూ అంతే. ఆవిడకు గాలి చాలని చోట ఆయన తాళాన్ని పట్టి ఉంచాడు. అందరి వాయిద్యాలూ ఆయన్ను నమ్ముకున్నవే కనుక అవీ ఆగాయి. ఆ చప్పుడును చెత్త అనుకుని గళ్ళాయన తుడిచేశాడు, ఆగినంత మేరా మూసేశాడు.

"అయ్యో" అన్నాడు గళ్ళాయన. బల్ల మీద పెన్ను వంకరగా ఉన్నా పట్టించుకోలేదు.

సంతకాలమ్మ వసారాలోకి దాదాపు పరుగెత్తింది. డ్రమ్ములాయన పిట్టగోడ దగ్గర నిలబడి వాన చూస్తున్నాడు. మాట్లాడకుండా హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టి, ముందు గళ్ళాయన చేసింది, తర్వాత పాతది వినిపించింది. వింటూ వింటూ ఆయన ముఖం విచ్చుకుంది, రంగు తిరిగొచ్చింది, వేళ్ళు పిట్టగోడ మీద ఆడాయి.

"మీరు తప్పలేదు సార్. పాటనే మేం తప్పుగా పెట్టాం. అమ్మగారికి చెప్పొస్తాను, పాపం హడలిపోయి ఉన్నారు."

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "చెప్పకు తల్లీ."

"అదేంటి సార్?"

"తనకి తెలీదు. రికార్డింగు నాటికి తనకి ఉబ్బసం కొత్తగా మొదలైంది. ఆ వరుస దగ్గర ఊపిరాడట్లేదని నాకు భుజాలు చూస్తే తెలిసేది. కాస్త ఆగేవాణ్ణి. తర్వాత ఎక్కడ పాడినా అంతే. తాళం తప్పలేదని ఊరూరా చెప్పుకుంది. ఆ మాట మీద తలెత్తుకుని తిరిగింది. ఇప్పుడు పోయి, నువ్వు తప్పావు, నేను సర్దాను అని చెప్పాలా?"

"చెప్పకపోతే మీకు మతి పోయిందనుకుంటారు. మీ చేత కర్రలు మానిపిస్తారు."

"అనుకోనీ. ఎవరో ఒకరు పరువు పోగొట్టుకోవాలంటే నాదే పోనీ. నేను వెనకాల కూర్చునేవాణ్ణి, ఎవరూ చూడరు."

ఇలాంటి మనిషిని సంతకం ఎలా అడగాలో సంతకాలమ్మకు తోచలేదు. అంతలో ఆట గదిలోంచి పాట వినిపించింది. కూర్చోలేక, దిగులుకు, ఆవిడ మైకు తీసుకుని పాట మళ్ళీ పెట్టించుకున్నట్టుంది. ఇద్దరూ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. రంగు నీడల్లో ఆవిడ కళ్ళు మూసుకుని పాడుతోంది. వయసు మీద పడ్డా గొంతు చెడలేదు. పొడుగాటి వరుస వచ్చింది. మధ్యలో ఊపిరి చాల్లేదు. ఆవిడ పీల్చుకునేలోపే పాట ముందుకు వెళ్ళిపోయింది.

ఆవిడ ఆపించి మళ్ళీ పెట్టించింది. మళ్ళీ అక్కడే. పాట ఆగలేదు. మూడోసారి పాడలేదు, ఊరికే నిలబడి వింది. వింటూ భుజాలు ఒకసారి పైకెత్తి దించింది. తర్వాత వెనక్కి తిరిగి తలుపు దగ్గరున్న మొగుణ్ణి చూసింది. ఆయన దొంగలా నేల చూపులు చూశాడు.

"ఏమయ్యా" అంది.

ఆయన చూపు ఎత్తకుండానే గడప దాటి లోపలికొచ్చాడు.

"ఇన్నేళ్ళూ నేను గొప్పలు కొట్టుకుంటుంటే పక్కనే కూర్చుని నవ్వుకున్నావా?"

"నవ్వుకోలేదు" అన్నాడాయన. "నమ్మాను. నువ్వు ఆ మాట చెప్తుంటే నాకూ నిజమే అనిపించేది."

ఆవిడకు కోపం వస్తుందో ఏడుపు వస్తుందో ముఖంలో తేలలేదు. కాసేపు మైకు తీగ వేలికి చుట్టుకుంటూ నిలబడింది. అవమానం జరిగిన మాట నిజమే. ఆ అవమానాన్ని అన్నాళ్ళు తన దాకా రానివ్వని మనిషి ఎదురుగా ఉన్నాడన్నదీ నిజమే. చివరికి సంతకాలమ్మ వైపు తిరిగి, "ఆయన పాట ఆయనకి తిరిగిచ్చేయండమ్మా, ఎట్లా వాయించాడో అట్లా. తాళం తప్పింది నేనని లోకానికి తెలిస్తే తెలియనీండి. నువ్వు కూర్చుని సంతకం పెట్టవయ్యా, పాపం ఆ పిల్ల కాళ్ళు అరిగేలా తిరుగుతోంది" అంది. ఆయన బుద్ధిగా పెట్టాడు.

గళ్ళాయన చెంపలేసుకోవడమొక్కటే తక్కువ. పాతదాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించి చుక్కలు మళ్ళీ పేర్చేసరికి ముసురు వెలిసి, వసారాలో పల్చటి ఎండ పడింది. ఆయన డ్రమ్ముల ముందు కూర్చున్నాడు, ఈసారి కళ్ళు తెరిచి. ఆవిడ మైకు పట్టుకుంది. మొదటి చరణంలో ఆ చోట చుక్కలు రవ్వంత ఎడంగా దిగాయి, ఆవిడ పీల్చుకుంది, దెబ్బ పడింది. రెండో చరణమూ అంతే, ఒక్క చుక్క కూడా చేజారలేదు. తెరలో జనం చప్పట్లు కొట్టారు. సంతకాలమ్మకు గోడలు మళ్ళీ దూరం జరిగాయి.

మూడో చరణంలో ఆ చోటు రాగానే ఆవిడ పాడటం ఆపింది. ఓరగా మొగుణ్ణి చూస్తూ, ఆటపట్టించడానికో, ఆగుతాడో లేదో తేల్చుకోవడానికో, తీరిగ్గా, గుండె నిండా ఊపిరి పీల్చుకోసాగింది. ఆయన కర్రలు గాల్లోనే ఉండిపోయాయి. చుక్కలు ఒకదాని వెంట ఒకటి గీత దాటి పోయాయి. డ్రమ్ము మూగబోయింది, జనం ఈలలు మొదలుపెట్టారు, తెర ఎర్రబడింది. ఆయన అటు చూడనేలేదు. ఆవిడ భుజాల వైపే చూస్తున్నాడు.

ఆట అయిపోయింది, దానితో పాటే పాటా ఆగిపోయింది. అప్పుడు ఆవిడ భుజాలు దిగాయి, మిగిలిన వరుస అందుకుంది. ఆయన కర్రలు వాలాయి. ఆ గదిలో ఇంక ఉత్త ప్లాస్టిక్ మీద టకటక చప్పుడూ, ఆవిడ గొంతూ మాత్రమే వినిపించాయి.