గడ్డి దుడ్డె

పాడి ఉన్న ఇళ్లలో దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి, కుట్టి, తల్లి ముందు నిలబెడతారు. తల్లి దాన్ని నాకుతూ పాలు చేపుతుంది. ఆ పాలతో మనం చాయ్ కాచుకుంటాం. యాకుత్‌పురా స్టేషన్ వెనుక కొండల్ కొట్టంలోనూ ఆ ఎండాకాలం అలాంటి బర్రె దుడ్డె ఒకటి నిలబడింది. కళ్లుండే చోట రెండు కుట్లు మాత్రమే ఉండేవి.

అతని భార్య సత్తెమ్మకు ఆ కుట్లు తన బిడ్డనే చూస్తున్నట్టుండేది. అప్పుడే నడక నేర్చిన నీలమ్మ ఆ కొట్టంలోనే తిరిగేది. తోలుకు పురుగు పట్టిందని తెలిసిననాడు ఆ తల్లికి అన్నం సహించలేదు. పురుగు పిల్ల చెవిలో దూరితే? కడుపులో పడితే? మొగుణ్ని పోరి పురుగుల మందు పొడి తెప్పించి, తన చేత్తోనే తోలంతా రుద్దింది. పురుగు పోయింది. ఆమె భయమూ కొంత తగ్గింది.

కొద్దిరోజులకు దుడ్డె కాళ్ల దగ్గర చీమలు కుప్పలుగా చచ్చి కనిపించాయి. వాటిని ఏరుకు తిన్న పిచ్చుకలు ఎగరలేక తొట్టి పక్కన ఒరిగిపోయాయి. పాలకు వచ్చిన రుక్మాబాయి, తన పాలు తాగేవాళ్లను చచ్చిన దూడ ఊరికే వదులుతుందా అని వేళాకోళమాడింది. సత్తెమ్మ నవ్వలేదు. గుమ్మానికి నిమ్మకాయ కట్టింది. మరునాడు పొద్దున, ఆ పిచ్చుకల్లో ఒకదాన్ని కరచుకుపోయిన పిల్లి, కాళ్లు కొట్టుకుంటూ ఆమె ముందే ప్రాణం విడిచింది.

అప్పుడామె చేతిలో నీలమ్మకు పట్టబోయే పాలగ్లాసు ఉంది. ఎదురుగా బర్రె కళ్లు మూసుకుని గడ్డి దుడ్డె మెడ నాకుతోంది. దాని నల్లని మూతికి తెల్లటి పొడి అంటి ఉంది.

సత్తెమ్మ గ్లాసును నేలకేసి కొట్టి, పాల బిందె ఎత్తబోయింది.

"పాగలైనవా ఏందే?" కొండల్ బిందె పట్టుకున్నాడు. "గల్లీ అంత ఎదురుసూస్తున్నది. పారబోస్తే రేపటిసంది మన తాన పాలెవరు తీసుకుంటరు?"

"చీమల్ని పిట్ట తిన్నది. పిట్టను పిల్లి తిన్నది. నేను ఇషం పూసిన తోలును బర్రె నాకుతున్నది. ఇగ ఆ పాలు తాగేది ఎవరయ్యా?"

"బర్రె మంచిగనే ఉన్నది గద."

"పిల్లి గూడ నిన్న మంచిగనే ఉండె."

కొండల్ బిందె మీద చెయ్యి తీసేశాడు.

ఆమె ఇల్లిల్లూ తిరిగి ఆ పాలు తాగొద్దని చెప్పింది, తిట్లు తిన్నది. గడ్డి దుడ్డెను దూరంగా పూడ్చిపెట్టారు. బర్రె వట్టిపోయేదాకా ఆ ఖాళీ చోటు చూసి అరుస్తూనే ఉంది. పిల్లకు ఏమీ కాలేదని డాక్టరు చెప్పాడు. అయినా నీలమ్మ చలికి వణికినా, నిద్రలో కాలు కదిపినా, సత్తెమ్మకు ఆ పిల్లి కళ్లముందు మెదిలేది.

బిడ్డలున్న తల్లులారా, ఎండను తాగి గడ్డి పెరుగుతుంది, గడ్డి తిని బర్రె పాలిస్తుంది, పాలు తాగి మన పిల్లలు లేచి నడుస్తారు. బలం వచ్చే ఆ దారినే విషమూ వస్తుంది. చీమ నోట్లో పెట్టినది చీమతోనే ఆగదు, నోటి నుంచి నోటికి నడిచి మన బిడ్డ నోటి దాకా వస్తుంది.