పదకొండు గంటల నీళ్లు

"పదకొండింటికి పోతే చెర్ల నీళ్లేమన్న పారిపోతయా?" అన్నాడు మా ఆయన ప్రవీణ్, చట్నీ గిన్నె నా వైపు జరుపుతూ. జరిపాడంటే ఇంకొంచెం వెయ్యమని అర్థం. వేశాను. ఇది ఫిబ్రవరి నాటి మాట. ఆ ఒక్క మాటతో నా పరిశోధన ప్లాను సగానికి సగం మారిపోయిందని ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఆయన లెక్కలో అదొక జోకు.

నేను జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ఇల్లు కాజీపేటలో. ధర్మసాగర్ దారిలో ఒక ఊరి చెరువులో పోయిన ఎండాకాలం తెల్లారేసరికి చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలాయి. ఎందుకు చచ్చాయో తేల్చి రిపోర్టు ఇవ్వమని చేపల సొసైటీ వాళ్లు మా గైడు రాజేశ్వర్ రావు సార్‌ను అడిగితే, సార్ ఆ పని నాకిచ్చారు. ప్లాను నేనే రాశాను. సూర్యుడు రాకముందు ఒకసారి, ఎండెక్కాక ఒకసారి నీళ్లలో ప్రాణవాయువు కొలవాలి. పగలు ఎండకు నీటిలోని పాచి దాన్ని తయారుచేస్తుంది. రాత్రంతా ఆ పాచీ, చేపలూ కలిసి వాడేసుకుంటాయి. అందుకే తెల్లవారే ముందు అది బాగా పడిపోతుంది. డిగ్రీ పిల్లలకు నేనే ఎన్నోసార్లు చెప్పిన పాఠం. సార్ చదివి, బాగుందమ్మా అని సంతకం పెట్టారు. ఇంట్లోనే సంతకం దొరకలేదు.

"చీకట్ల ఆడమనిషికి చెరువు కాడ ఏం పని? మంది ఏమనుకుంటరు?" అన్నాడు ప్రవీణ్. అయినా ఆ వేళ ఇంట్లో ఎంత పని! పాపకు బడి, ఆయనకు ఆఫీసు, అత్తమ్మకు మందులకు ముందు టిఫిన్. నేను ఆశగా అత్తమ్మ వైపు చూశాను. మా అత్తమ్మ దీనమ్మ రిటైరైన నర్సు. నా తరఫున ఒక్క ముక్క మాట్లాడుతుందనుకున్నాను. ఆమె మాట్లాడింది కూడా. "నేను ముప్పై ఏండ్లు దవాఖానల చేసిన బిడ్డా. ఆరింటికి డ్యూటీ. నాలుగింటికి లేసి అన్నం, కూర వండిపెట్టే పోయిన. ఒక్కనాడన్న ఇంట్లోళ్లను పస్తులుంచిన్నా?" అంది. ఆ గొంతులో గర్వం ఉంది. అప్పుడు మీకు నిద్ర ఎవరిచ్చారు అత్తమ్మా అని అడగాలనిపించింది. అడిగితే ఇద్దరిలో ఎవరో ఒకరం ఏడ్చేవాళ్లం. పాలు పొంగుతుంటే వెళ్లి స్టవ్ కట్టేశాను.

అలా ప్లానులో తెల్లవారుజాము ఎగిరిపోయింది. రెండు నెలలు పదకొండింటికే వెళ్లాను. గిన్నెలు కడిగి, స్కూటీ తీసి, ఎండలో ఆ గట్టు మీద నిలబడి మీటరు నీళ్లలో ముంచేదాన్ని. అంకెలు బ్రహ్మాండంగా వచ్చేవి. అంత మంచి నీళ్లలో చావాల్సిన ఖర్మ ఏ చేపకూ లేదు. ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిస్తే, "నీది రాసుడు పనే గదా, పప్పు మీద జర ఓ కన్నెయ్యి" అనేది అత్తమ్మ. రిపోర్టు రాయడమంటే వీళ్ల దృష్టిలో టైపు కొట్టడం. వేళ్లు ఆగి నేను ఆలోచిస్తున్నానంటే ఖాళీగా ఉన్నట్టే, వెంటనే ఒక పని పుట్టుకొస్తుంది. పెళ్లయి పదేళ్లయినా ఈ ఇంట్లో నేను ఆలోచించే మనిషినని చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు. నేను రోజూ వెళ్లే చెరువు ఏ ఊరిదో కూడా ఎవరూ అడగలేదు. నాకు చాలా ఒంటరిగా అనిపించేది, అదీ నలుగురున్న ఇంట్లో.

ఏప్రిల్‌లో సార్ నా అంకెల పట్టిక చూసి తేల్చేశారు. "ఆక్సిజన్ మంచిగున్నది. అంటే నీళ్లల్ల పురుగుల మందు పడ్డట్టే. గట్టు పక్కన ఆ తోటామె ఉన్నది గదా? అనుమానం ఆమె మీదికే పోతున్నది. రాసెయ్యమ్మా."

ఆ తోటామె సమ్మమ్మ. ఒంటరిది. చెరువు శిఖంలో, నీళ్లు తగ్గితే తేలే నేలలో, ఇంత జాగాలో బెండకాయ, గోంగూర వేసుకుని బతుకుతుంది. మందు కొట్టే పంపు చెరువులో కడిగిందని సొసైటీ వాళ్లు ఏడాదిగా ఆమె మీద పళ్లు నూరుతున్నారు. రిపోర్టు రాగానే ఆమెను అక్కడినుంచి లేపేస్తారు. ఒకరోజు నన్ను ఆపి అడిగింది కూడా. "కడిగిన మాట నిజమే బిడ్డా, కడుపుల దాసుకోను. నా ఒక్క పంపుకే ఇన్ని చేపలు సస్తయా? సదువుకున్నదానివి, నువ్వే చెప్పు." అది చెప్పాల్సిన తెల్లవారుజాము నీళ్లు నేను ముట్టుకోనేలేదు. ఏం చెప్తాను?

సార్ రాసెయ్యమన్న సాయంత్రమే సమ్మమ్మ సంగతంతా ఇంట్లో చెప్పేశాను. "రేపటి నుంచి పొద్దున ఐదింటికి పోతున్న. టిఫిన్ ఉండదు."

"ఆమె నీకేమన్న చుట్టమా?" అన్నాడు ప్రవీణ్.

"కాదు."

"మరేంది నీ ఫికర్?"

"నేను తప్పు టైంల తీసిన నీళ్లు ఆమె మీద నింద మోపుతున్నయి."

ఆయన నవ్వి టీవీ సౌండ్ పెంచాడు. అత్తమ్మ బైబిల్‌లోంచి తలెత్తి నన్నే చూసింది.

తెల్లవారుజామున చెరువు నాకు కొత్త. మీటరు ముంచితే అంకె జారుతూ జారుతూ ఒకటికి కింద ఆగింది. చేప బతకాలంటే కనీసం మూడు ఉండాలి. మళ్లీ ముంచాను. అంతే. వానాకాలంలో మళ్లీ పోసిన చేపలు నీటి మీద నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. పోయినేడాది చచ్చినవి కూడా ఇలా ఊపిరాడకే. గట్టిగా అరవాలనిపించింది, ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది. ఫోన్ తీసి పేర్లన్నీ చూసుకుంటూ పోయాను. ఈ అంకె వింటే సంతోషించే పేరు ఒక్కటీ కనిపించలేదు. అంతలో ఫోన్ మోగింది, ప్రవీణ్. "ఇడ్లీ పిండి ఏడ పెట్టినవ్?"

"ఫ్రిజ్‌ల, కింది అరల."

ఎంతొచ్చిందని అడుగుతాడేమోనని ఫోన్ కాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాను. కట్ చేశాడు.

ఆ వారమంతా వెళ్లాను. అంకె మారలేదు. కారణం తేలింది, రిపోర్టు మొదటి నుంచి తిరగరాశాను. చివర పరిమితులని ఒక భాగం ఉంటుంది. చేయాల్సింది ఏది చేయలేకపోయామో, ఎందుకో అందులో రాయాలి. నేను రాశాను: "మొదటి రెండు నెలలు సూర్యోదయానికి ముందు కొలతలు తీయలేదు. ఆ వేళ పరిశోధకురాలు ఇంట్లో టిఫిన్ వండుతూ ఉండేది. కాబట్టి ఆ నెలల అంకెలతో చేపల చావుకు కారణం చెప్పకూడదు."

సార్ ఎర్ర పెన్నుతో మధ్య వాక్యం కొట్టేశారు. "సైన్స్‌ల ఇంటి ముచ్చట్లెందుకమ్మా? మీటరు ఖరాబైందని రాయి. ఎవరడుగుతరు?"

"మీటరు ఖరాబంటే ఈ వారం అంకెలను కూడా ఎవరూ నమ్మరు సార్. నింద మళ్లీ సమ్మమ్మ మీదికే పోతది."

"అందుకని వంట సంగతి రాస్తవా? నవ్వుతరు."

ఈ రిపోర్టు మీదా, నా పీహెచ్‌డీ మీదా పెట్టాల్సిన సంతకాలు రెండూ ఆయనవే. అయినా కాగితం ఆయన వైపు జరిపాను.

"ఆ వాక్యం కొట్టేస్తే పైనున్న నా పేరు కూడా కొట్టెయ్యండి సార్. వంటింట్ల ఉన్నదాన్ని, చెరువు కాడ ఉన్ననని సంతకం పెట్టలేను."