మంగేశ్ ఎక్కడున్నట్టు

మంజీరా నదిలో ఇసుక గోడ కూలి మంగేశ్ చనిపోయిన ఎండాకాలం నుంచీ నర్సవ్వ ప్రార్థనలో ఒకటే అడిగేది. విలాస్‌ను దేవుడు శిక్షించాలి. మిగతావాళ్లు వానల కోసం, పిల్లల చదువుల కోసం, మోకాళ్ల నొప్పుల కోసం మొక్కుకునేవారు. ఆమె మాత్రం సంఘం ప్రార్థనకు కూడే రేకుల షెడ్డు కింద ఆడవాళ్ల వరసలో చివరన కూర్చొని, కొంగు నెత్తిమీదికి లాక్కొని, పెదవి కదపకుండా అదే అడిగేది.

మహారాష్ట్ర సరిహద్దులో, బిలోలికి దిగువన, నది పక్కనుండే ఊరు వాళ్లది. ఇంట్లో తెలుగు, బడిలో, కచేరీలో మరాఠీ. నర్సవ్వకు గాని, మొగుడు శివన్నకు గాని గుంటెడు భూమి లేదు. ఒకరి సోయాబీన్‌లో కలుపు తీసి, ఇంకొకరి పత్తి ఏరి ఒక్క కొడుకును పెంచారు. ఆమె ప్రభువును నమ్ముకొని చాలా ఏళ్లయింది. శివన్న ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు, ఆమెను పోవద్దనీ అనలేదు. మంగేశ్ అయితే నవ్వేవాడు.

"ఐతారం నాకు కబడ్డీ ఉంటదే అవ్వా. నా వంతు గూడ నువ్వే మొక్కు."

ఆమె అలాగే మొక్కేది. వాడి వంతు వేరొకరు మొక్కితే చెల్లదేమోనన్న ఆలోచన అప్పట్లో ఆమెకు రాలేదు.

ఆ రోజు తెల్లవారుతుండగా మంగేశ్, వాడితోపాటు ఇంకొందరు నదిలో టిప్పర్ నింపుతున్నారు. ఆ తవ్వకానికి అనుమతి లేదు. గుత్తేదారు దగ్గర కూలీలను పోగేసి పని చేయించే ముకద్దం విలాస్ గట్టు మీద నిలబడ్డాడు. కింద తొలుచుకుంటూ పోయేసరికి పైనున్న ఇసుక విరిగి మంగేశ్ మీద పడింది. తోటివాళ్లు చేతులతో తవ్వడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే విలాస్‌కు ఫోనొచ్చింది, దొంగ ఇసుక పట్టుకునే తహసీల్ జీపు బయల్దేరిందని. అందరినీ టిప్పర్ ఎక్కమన్నాడు. ఎక్కనివాళ్లను రెక్క పట్టి ఎక్కించాడు. జీపు రానే లేదు. వాళ్లు తిరిగొచ్చి తవ్వితే, మంగేశ్ మోకాళ్ల మీద వంగి, ఒక చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకొని ఉన్నాడు.

స్నానానికి దిగి మునిగిపోయాడని పంచనామాలో రాశారు. ఏం జరిగిందో వాడలో అందరికీ తెలుసు. అడిగితే మాత్రం అందరూ స్నానమనే చెప్పారు. మర్నాడు పని ఇచ్చేది ఆ గుత్తేదారే.

మట్టి చేసిన రోజు పాస్టర్ వెంకట్రాములు వచ్చాడు. నలభై దాటని మనిషి, బిలోలిలో అద్దెకుండి నాలుగైదు ఊళ్లకు బస్సులో తిరిగి వాక్యం చెప్పేవాడు. నర్సవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది.

"అయ్యగారూ, నా కొడుకు ఇప్పుడు యాడున్నడు?"

ఆయన నేల చూశాడు. "తీర్పు దేవునిదమ్మా."

వెనక నుంచి సంఘంలోని రఖమాబాయి అంది, "పోరడు బాప్తిస్మం తీసుకోకపాయె." జాలిగానే అంది. ఆ మాట నర్సవ్వ గుండెలో ముల్లులా దిగబడిపోయింది. అగ్నిగుండం గురించి పాస్టర్ చెప్పినప్పుడల్లా గట్టిగా ఆమేన్ అన్నది ఆమే. ఆ అగ్గి పరాయివాళ్ల కోసమని అనుకుంది. ఇప్పుడు అందులో తన కొడుకు మొహం కనిపించింది, చెయ్యి అడ్డం పెట్టుకున్న మొహం.

అందుకే ఆమె విలాస్ సంగతే అడిగేది. మంగేశ్ సంగతి అడిగితే ఏ జవాబొస్తుందోనని భయం.

వానలొచ్చాయి. తవ్వి వదిలేసిన గుంతల మీదుగా మంజీరా నిండింది. శ్రావణంలో ఒక మధ్యాహ్నం, బడి వదిలాక విలాస్ కొడుకు శుభం చేపలు పడదామని ఒడ్డుకు పోయాడు. ఒకటో తరగతి పిల్లవాడు. మోకాలి లోతు నీళ్లనుకొని దిగి గుంతలో పడ్డాడు.

విలాస్ వాణ్ణి రెండు చేతుల మీద మోసుకొస్తుంటే నర్సవ్వ దారిలో ఎదురైంది. పిల్లవాడి వీపున బడి సంచి ఇంకా ఉంది. అందులోంచి నీళ్లు కారుతున్నాయి. విలాస్ ఆమెను చూడలేదు. ఎవరినీ చూసే స్థితిలో లేడు.

ఆమె ఇంటికొచ్చి గడప మీద కూలబడింది. శివన్న అడిగాడు, "ఏమైందే?"

"నేను వాన్ని శిక్షించుమని అడిగిన. పోరన్ని అడగలె." అదే మాట మళ్లీ మళ్లీ అంది. "పోరన్ని నేనడగలె."

మర్నాడు ఊళ్లో కొందరు దేవుడు చూశాడన్నారు. చెట్టంత కొడుకును మింగినవాడికి తగిన శాస్తి అన్నారు. ఒకావిడ నర్సవ్వ భుజం తట్టి, నీ మొర విన్నాడమ్మా అంది. నర్సవ్వ ఆ చెయ్యి తోసేసింది. పొద్దెక్కకముందే బిలోలి బస్సెక్కింది.

పాస్టర్ అన్నం తినబోతూ ఆమెను చూసి లేచాడు. ఆమె కూర్చోలేదు.

"నేను మొక్కినందుకే ఆ పోరన్ని సంపిండా మీ దేవుడు?"

ఆమె 'మీ దేవుడు' అనడం ఆయన మొదటిసారి విన్నాడు.

"కాదమ్మా. పిల్లల్ని సంపి పెద్దోళ్లకు బుద్ధి చెప్పెటోడు కాదు ఆయన. ఆ గుంత తవ్వింది మనుషులు. పూడ్చకుండ పోయింది మనుషులు."

"మరి నా కొడుకు కాడ తీర్పేది? విలాస్‌ను ఏమన్లేదు. పోరడు పోయిండు. నా మంగేశ్ యాడున్నడో మీరు చెప్పరు. ఇగ ప్రేమ ప్రేమ అని ఎందుకు పాడాలె?"

పాస్టర్ పళ్లెం పక్కకు జరిపాడు.

"నాకు తెలిసింది ఒకటే చెప్త. నీ కొడుకును ఇసుకల వదిలేసి పోయిన్రు గద, అది చూసి దేవునికి కోపం రాకుంటె ఆయనకు మంగేశ్ అంటె లెక్కే లేనట్టు. కోపం రానోనికి ప్రేమ యాడుంటదమ్మా? తీర్పు ఉన్నది. ఉండాలె. సిలువ మీద ఆ తీర్పు కింద ఆయనే పండుకున్నడని నేను నమ్ముత. అంతకు మించి నాకు ఎరుక లేదు."

"మంగేశ్ సంగతి?"

"నాకు ఎరుక లేదమ్మా. ఆ రోజు నీ మొహం చూసి ఆ మాట అనలేకపోయిన."

ఆ జవాబు ఆమెకు ఊరటనివ్వలేదు. అయినా ఆయన అబద్ధం చెప్పలేదని మాత్రం అర్థమైంది. ఆ రోజు నుంచి విలాస్‌ను శిక్షించమని అడగడం మానేసింది. ఇంకేమీ అడగలేదు కూడా. ఆదివారాలు వచ్చి, కూర్చొని, లేచిపోయేది.

పత్తి పగిలే రోజుల్లో విలాస్, వాడి భార్య లీలాబాయి షెడ్డుకు రావడం మొదలుపెట్టారు. లీలాబాయి మరాఠీ ఇంటి పిల్ల, పాటలు అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టేది. విలాస్ తలుపు దగ్గరే కూర్చునేవాడు. గుత్తేదారు దగ్గర పని మానేశాడు. చిక్కిపోయి, గడ్డం మాసి, పెద్ద వయసు మనిషిలా అయ్యాడు. కొన్నాళ్లకు పాస్టర్ లేచి, వచ్చే ఆదివారం విలాస్ బాప్తిస్మం తీసుకుంటాడనీ, అతని పాపాలన్నీ కడిగివేయబడతాయనీ ప్రకటించాడు. చప్పట్లు మోగాయి.

నర్సవ్వ లేచి నిలబడింది. సంఘంలో ఆమె ఎప్పుడూ నిలబడి మాట్లాడింది లేదు.

"యాడ ముంచుతరు అయ్యగారూ? మంజీరలనేనా?"

ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది.

"నా కొడుకు మునగలె, వానికి పరలోకం లేదన్నరు. గీన మునుగుతడు, గీనకు ఉన్నది. గిదేం తీర్పు? దేవుడు మాఫ్ చెయ్యనీ, నేను అడ్డం రాను. కని ఏం చేసిండో చూసి మాఫ్ చెయ్యాలె గద? చూడకుండ చేస్తె అది మాఫీనా, మర్చిపోవుడా? పంచనామల గూడ మర్చేపోయిన్రు."

విలాస్ తలుపు దగ్గర లేచి నిలబడ్డాడు.

"నేను చెప్త పెద్దమ్మా."

లీలాబాయి అతని చొక్కా పట్టుకుంది. అతను విడిపించుకున్నాడు.

"ఫోనొచ్చింది. జీపు దొరకవడితె టిప్పర్ పోతది, నన్ను పనిల నుంచి తీసేస్తరు అనుకున్న. అందర్ని ఎక్కించిన. నేను ఆఖర్ల ఎక్కిన." అతను నర్సవ్వ వైపు తిరిగాడు. "ఎక్కేటప్పుడు వినవడ్డది. ఇసుకల నుంచి. పిలిచిండు."

"ఏమని?"

"అవ్వా అన్నడు."

ఎవరో ఏడ్చారు. నర్సవ్వ ఏడవలేదు. గోడకు ఆనుకుంది. ఇన్ని నెలలుగా ఆమె కోరుకున్న నిజం అదే. అది వచ్చి మీద పడ్డాక ఊపిరాడలేదు. వాడు అప్పటికి బతికే ఉన్నాడు. పిలిచాడు. ఆ టైముకు తను పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతోంది.

ఆమె అంది, "గీ మాట ఠాణల చెప్తవా?"

విలాస్ తలూపాడు.

"విలాస్, ఒక్కసారి ఆలోచించు," అన్నాడు సంఘ పెద్ద ఒకాయన. "దేవుని ముందట ఒప్పుకున్నవు, సాలదా?"

పాస్టర్ అప్పుడు మాట్లాడాడు. "సాలదు. బాప్తిస్మం ఆగుతది. ముందు ఇది కానీ."

మర్నాడు పొద్దున్నే నలుగురూ బిలోలి వెళ్లారు, నర్సవ్వ, పాస్టర్, విలాస్, లీలాబాయి. ఠాణా మెట్ల దగ్గర విలాస్ ఆగాడు.

"పెద్దమ్మా, దేవుడు నన్ను మాఫ్ చేస్తడా?"

ఆమె అతని మొహంలోకి సూటిగా చూసింది. కొడుకును మోసుకొచ్చిన రోజు మొహమే అది.

"ఆయన సంగతి నాకు ఎరుక లేదు. నేనైతె ఇంక చెయ్యలె."

అతను లోపలికి వెళ్లాడు.

లోపల అనుకున్నంత సులువుగా ఏమీ జరగలేదు. మూసేసిన కేసును ఎందుకు తవ్వుతున్నావని మొదట తిట్టారు. పాస్టర్ కదలకుండా కూర్చునేసరికి చివరికి రాసుకున్నారు. విలాస్‌ను పట్టుకొని నాందేడ్ జైలుకు పంపారు. టిప్పర్ ఎక్కినవాళ్లలో ఒకడు నిజం చెప్పి, గుత్తేదారు మనుషులు ఇంటికొచ్చాక మాట మార్చాడు. మిగతావాళ్లు మళ్లీ స్నానమనే అన్నారు. గుత్తేదారు మీదికి ఏ కాగితమూ పోలేదు. చలికాలం గడవకముందే నదిలో వేరే చోట, వేరే ముకద్దంతో తవ్వకం మొదలైంది. పాస్టర్‌కు ఇల్లు అద్దెకిచ్చినాయన ఖాళీ చెయ్యమన్నాడు. ఆయన సామాను షెడ్డులోకే తెచ్చుకొని, వాక్యం చెప్పే చోటే పడుకుంటున్నాడు. అగ్నిగుండం గురించి ఇప్పటికీ చెప్తున్నాడు, కానీ ఆ మాట దగ్గర ఆగి, నీళ్లు తాగి, గొంతు తగ్గించి చెప్తున్నాడు.

లీలాబాయి ఒంటరిదైంది. పుట్టింటివాళ్లు రాలేదు. ఊళ్లో పనికి పిలిచేవాళ్లు లేరు. ఒక పొద్దున నర్సవ్వ పత్తి ఏరడానికి పోతూ ఆ గుమ్మం ముందు నిలబడింది.

"రాత్రి తిన్నవా?"

"నాయ్ మావశీ." పిన్నిని పిలిచినట్టు మరాఠీలో పిలిచి, లీలాబాయి తల అడ్డంగా ఊపింది.

"దా."

చేనులో పక్కపక్క సాళ్లలో ఏరారు. మధ్యాహ్నం నర్సవ్వ రొట్టె తుంచి సగం ఇచ్చింది. శుభం గురించి లీలాబాయి గాని, మంగేశ్ గురించి నర్సవ్వ గాని మాట ఎత్తలేదు. పక్క సాలులో ఆ పిల్ల ముక్కు చీదుకుంటున్న చప్పుడు వింటూ, వీళ్ల మీద తనకింకా కోపం పోలేదని నర్సవ్వకు తెలుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె మోకాళ్ల మీద చాలాసేపు ఉండిపోయింది. శివన్న బీడీ ఆర్పేసి అడిగాడు, "ఏమన్నడు నీ దేవుడు?"

"ఏమన్లె."

"మరి ఇంతసేపు ఏం చేసినవ్?"

"మంగేశ్ సంగతి అడిగిన. మొదటిసారి అడిగిన." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "గా పోరడు శుభం సంగతి గూడ అడిగిన. నేను ఉత్త మనిషిని, నాకే ఆ పోరగాండ్లను అగ్గిల ఎయ్య మనసొప్పదు. నాకంటె నీ మనసు సిన్నదైతె నువ్వు దేవునివెట్లయితవ్ అని అడిగిన."

శివన్న భయపడ్డట్టు చూశాడు. "గట్ల అనొచ్చునా?"

"ఎరుక లేదు. అన్న." ఆమె లేచి పొయ్యి దగ్గరికి నడిచింది. "జవాబు చెప్పేదాక రోజూ అంట."

కట్టెలు పచ్చివి. ఎంత ఊదినా పొగే వచ్చింది. ఆమె కళ్లు మూసుకొని ఊదుతూనే ఉంది.