ఎండకు పోసిన నిండు పియాలా

గొర్రెలు మూతి పెట్టని మొక్క ఒకటి మా నమంగాన్ వైపు కాలువ గట్ల మీద విరివిగా పెరుగుతుంది. ఆక్ కురాయ్ అంటాం. బొల్లి మందు దాని నుంచే తీస్తారు. మసీదుకు నడుస్తూ దాన్ని చూసినప్పుడల్లా ఇప్పటికీ నాకు ఖోసియత్ వదిన గుర్తొస్తుంది.

అన్నయ్య పెళ్లయిన రెండో ఏడు వదిన మెడ మీద ఒక తెల్లమచ్చ కనిపించింది. చలికాలం దాటేసరికి అది పెదవుల పక్కకూ వేళ్ల మీదకూ వచ్చేసింది. మా ఇళ్లలో రొట్టె కాల్చేది కోడలే. వదిన రొట్టెకు వీధిలో పేరుండేది. ఒకరోజు అమ్మ పిండి పళ్లెం ఆమె చేతుల్లోంచి తీసేసుకుంది. ఆ రోజుతో మా తందూరు చల్లబడింది. రొట్టెలు పక్కింటి బాసొరత్ పిన్ని దగ్గర నుంచి వచ్చేవి.

ఆ వసంతంలోనే నాకు సైన్యం నుంచి పిలుపొచ్చింది. ఆకులు రాలే కాలానికి బయల్దేరాలి. మా ఆచారం ప్రకారం దూరం వెళ్లేవాడు ఇంటి రొట్టెను ఒక్కసారి కొరికి వెళ్తాడు. మిగిలింది గోడకు వేలాడదీస్తారు. తిరిగొచ్చి తినాల్సింది వాడే.

"నువ్వు కొరికే రొట్టె నేనే కాలుస్తాను, ఎర్గష్," అంది వదిన వాకిలి ఊడుస్తూ.

"అమ్మ నీ చెయ్యి విరిచేస్తుంది వదినా."

"విరవనీ. రెండోది ఉందిగా."

నవ్వుతూనే అంది గానీ చీపురు ఆగిపోయింది.

అన్నయ్య లారీ మీద ఊళ్లు తిరిగేవాడు. అందుకని వదినను పట్నంలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు నేనే తీసుకెళ్లాను. అమ్మ కూడా బయల్దేరింది. డాక్టరు సానియా అని పెద్దావిడ, తాతారు జాతి మనిషి. అమ్మ కూర్చోకుండానే అడిగేసింది.

"ఇది అంటుకుంటుందా డాక్టరమ్మా?"

"అంటుకునేదైతే ముందు నాకు అంటుకోవాలి అక్కా. నా జుట్టు నెరిసింది ఇలాంటి చేతులు పట్టుకునే."

పొద్దున ఏదైనా తిన్నాక మింగడానికి మాత్రలు, మచ్చలకు రాయడానికి మందునీళ్లు ఇచ్చింది. వాటి తర్వాత పొద్దుటి ఎండలో ఒక్క పియాలా చాయ్ తాగేంతసేపు కూర్చోమంది. "మందు ఎండతోనే పనిచేస్తుంది. ఎండ ఎక్కువైతే కాలుస్తుంది," అని మరీ మరీ చెప్పింది.

మా వాళ్లు పియాలా నిండా పోయరు. నిండా పోస్తే ఇక వెళ్లిరండని అర్థం. ఉండమనుకున్నవాళ్లకు అడుగున రెండు గుక్కలు పోస్తాం, మళ్లీ పోస్తాం, మళ్లీ పోస్తాం. వదినా అలాగే చేసింది. ఆప్రికాట్లు ఎండేసిన మిద్దె మీద కూర్చుని, అడుగున పోసుకుంటూ, "ఇంకా మొదటి పియాలాయేగా," అంటూ చాయ్ కూజా అంతా ఖాళీ చేసింది. త్వరగా తగ్గాలని ఆమె ఆశ. సాయంత్రానికి చేతులు ఎర్రగా కందాయి. మర్నాటికి బొబ్బలెక్కాయి.

"పైవాడి కోపం మందుకు లొంగుతుందా?" అంది అమ్మ.

డాక్టరమ్మ ముందు తిట్టింది, తర్వాత జరిగింది విని నవ్వింది. పుండ్లు మానేదాకా మందు ఆపించింది. "ఈసారి నిండా పోసుకో తల్లీ. ఎండ కూడా అతిథే. వెళ్లిరమ్మని చెప్పాలి."

ఆ తర్వాత రోజూ వదిన మిద్దె మీద పియాలా అంచుదాకా పోసుకునేది. "నీకూ నాకూ ఇంతే ఈరోజుకి," అని సూర్యుడికి చెప్పి లేచేది. ఎండ తగ్గుముఖం పట్టే రోజులకు మెడ మీది తెలుపులో గోధుమరంగు చుక్కలు మొలిచాయి, రొట్టె మీద నల్లజీలకర్ర చల్లినట్టు. అవి మెల్లగా కలిసిపోయాయి. పెదవుల పక్క కూడా రంగు తిరిగింది. వేళ్లు మాత్రం తెల్లగానే ఉండిపోయాయి. వేళ్లు మొండివని డాక్టరమ్మ ముందే చెప్పింది.

నేను బయల్దేరే ముందురోజు అమ్మ బాసొరత్ పిన్నికి రొట్టె పురమాయించబోతుంటే అడిగాను.

"అమ్మా, ఆ మందు మొక్కను మొలిపించింది ఎవరు?"

"ఇంకెవరు, అల్లాహ్."

"కోపమొచ్చినవాళ్ల కోసం మందు మొలిపిస్తాడా?"

అమ్మ తస్బీహ్ జపమాల తిప్పుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఎదిరించాలని అడగలేదు. నాకు నిజంగానే తెలియక అడిగాను. ఈ వయసులోనూ పూర్తిగా తెలిసిందని చెప్పలేను.

తెల్లారి నమాజు ముగించి వచ్చేసరికి మా తందూరులో పత్తికట్టెలు మండుతున్నాయి. అమ్మ చేతుల్లో పిండి పళ్లెం ఉంది.

"కోడలా! ఏం చూస్తున్నావ్? ఈ సెగకు నా మొహం మాడిపోతోంది. నువ్వే రొట్టె అతికించు."

వదిన చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది.

"అరిగిపోతాయే!" అంది అమ్మ.

వేడి రొట్టెను కొరికాను. నోరు కాలింది. వదిన అటు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది, పొగని చెప్పింది.

సైన్యం నుంచి తిరిగొచ్చిన రోజు గోడ మీది రొట్టె దించారు. ఇటుకలా ఉంది. అమ్మ దాన్ని విరిచి చాయ్‌లో నానబెట్టింది. నాకివ్వాల్సిన ముక్కల్లోంచి ఒకటి తను నోట్లో వేసుకుని, "రుచి పోలేదు," అంది. తర్వాత, ఎప్పుడూ కోడలు పోసే చాయ్, ఆ రోజు తనే వదినకు పోసింది. అడుగున, రెండు గుక్కలే.