కోడలి వాటా పాలు

గేదెల మీదే బతికే ఇంటికి పాలు ముట్టని కోడలొచ్చింది. మాంసమూ మానేసిందట.

"పాలు దూడలవి అత్తయ్యా, మనవి కావు," అన్నప్పుడల్లా అత్తగారికి ఒళ్ళు మండేది. "మరి నీ మొగుణ్ణి ఏం పోసి పెంచాననుకున్నావ్?" అనేది.

ఓ మధ్యాహ్నం గేదె ఈనలేక అవస్థ పడింది. దూడ కాళ్ళు మాత్రం బయటికొచ్చి ఆగిపోయాయి. అత్తగారి ఒక్కదాని బలం చాలలేదు. కోడలు పరుగున వచ్చి, ఆవిడతో కలిసి లాగింది. దూడ జారి ఒళ్ళో పడగానే ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. ఒళ్ళంతా జిగట. నవ్వు మాత్రం ఆగలేదు.

దూడ తడబడుతూ లేచి పొదుగు అందుకుంది. అత్తగారు కళ్ళు తుడుచుకుంది.

"సరేలే, నీ వాటా పాలు దీనికే."

"మరి మీ వాటా అత్తయ్యా?"

"ఆశకి హద్దుండాలమ్మాయ్!" అంటూ ఆవిడ మళ్ళీ పకపకా నవ్వేసింది.