మీసాలున్న దిష్టిబొమ్మ

మీసాలాయనకి ఆ పేరు ఊరికే రాలేదు. నోరు తెరిచే ముందు కుడి మీసం, మాట పూర్తయ్యాక ఎడమ మీసం దువ్వుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు రైతు సంఘం గదిలో మాత్రం రెండూ ఒకేసారి దువ్వుకున్నాడు. ఎందుకంటే ఆయన భార్య నలుగురు మగాళ్ళ మధ్యకి నడిచి వచ్చి, తనకి సభ్యత్వం కావాలని కార్యదర్శిని అడిగింది.

ఆవిడ అడగడానికి కారణం ఉంది. పోయినేడు సంఘం తెచ్చిన జొన్న విత్తనం తమ బంకమట్టిలో మొలవదని ఆవిడ ముందే చెప్పింది. ఆ మాట సంఘంలో చెప్పమని మొగుణ్ణి పంపిస్తే, ఆయన వెళ్ళి టీ తాగి, అందరితో పాటు చెయ్యెత్తి వచ్చాడు. సగం చేను బోడిగా మిగిలింది. ఈసారి విత్తనం సంగతి తనే మాట్లాడుకుందామనుకుంది.

"సభ్యత్వం ఇంటికి ఒకటే అక్కా, అదీ రైతుకే," అన్నాడు కార్యదర్శి. "ఏం బావా, నువ్వేమంటావు?"

నలుగురూ తన వైపు తిరిగేసరికి మీసాలాయనకి ఎక్కడలేని రోషం పొడుచుకొచ్చింది. "మా ఆవిడ రైతేంటయ్యా. నాకు సాయం చేస్తుంది, అంతే," అన్నాడు.

ఆవిడ మారుమాట్లాడకుండా వెళ్ళిపోయింది. బుద్ధున్న మగాడైతే అక్కడే భయపడేవాడు. ఈయన ఇంకో టీ తెప్పించుకున్నాడు.

మర్నాడు ఆయన లేచేసరికి ఆవిడ అరుగు మీద తీరిగ్గా కూర్చుని అత్తగారికి తల దువ్వుతోంది. చూస్తే కంకుల్లో గింజ గట్టిపడే రోజులు. పిట్టలకి ఇంతకు మించిన విందు ఉండదు.

"చేనుకి వెళ్ళలేదేం?" అన్నాడు.

"సాయమేగా మావా. ఇవాళ ఓపిక లేదు."

"ఈ పక్కన చిక్కుంది, అది కూడా తియ్యవే," అంది అత్తగారు కొడుకు మొహం చూడకుండా.

పిట్టల్ని తోలడానికి పెద్ద చదువులు కావాలా అనుకుని మీసాలాయన గడ్డితో దిష్టిబొమ్మ కట్టాడు. దానికి పెళ్ళిళ్ళకి వేసుకునే తన తెల్ల చొక్కా తొడిగాడు. బొగ్గుతో మీసాలు కూడా దిద్ది, అచ్చం తనలాగే ఉందని మురిసిపోయాడు. ఆ మురిపెం మధ్యాహ్నం దాకా నిలవలేదు. పిట్టలు బొమ్మ చేతుల మీద బారుగా కూర్చుని, కాసేపు అలుపు తీర్చుకుని, మళ్ళీ కంకుల మీదకి దిగుతున్నాయి. వాటిలో ఒకటి భుజం మీద చేసిన ఘనకార్యంతో ఆ చొక్కా ఇక ఏ పెళ్ళికీ పనికిరాకుండా పోయింది.

బొమ్మ కదలదు కాబట్టి లోకువైందనుకుని తనే చేలోకి దిగాడు. చేతులు ఊపాడు. గొంతు బొంగురుపోయేలా అరిచాడు. పిట్టలు ఒకసారి తలెత్తి చూసి, ఈ కంకి మీంచి ఆ కంకి మీదకి జరిగాయి. వాటి తప్పేముంది? వాటికి తెలిసిన మీసాలాయన పొద్దెక్కాక వచ్చి, గట్టు మీద చుట్ట కాల్చుకుని, పంట బాగుందని తలాడించి వెళ్ళిపోయే మనిషి. మంచె మీద నిలబడి వడిసెల తిప్పి గురిచూసి రాయి వదిలేది వేరే మనిషి, తలకి ఎర్రగుడ్డ చుట్టుకున్న మనిషి. ఆయన కూడా వడిసెల తిప్పి చూశాడు. రాయి ముందుకి పోకుండా వెనక్కి పోయి పక్క చేనువాళ్ళ నీళ్ళ కుండ పగలగొట్టింది.

మూడోనాడు దండెం మీంచి ఆవిడ ఎర్ర తలగుడ్డ ఎవరూ చూడకుండా లాగి, తెచ్చి బొమ్మకి చుట్టాడు. దిగబోతున్న పిట్టలు గాల్లోనే గిర్రున వెనక్కి తిరిగాయి. హమ్మయ్య అనుకున్నాడు. ఆ వెంటనే సిగ్గేసింది. నిలువెత్తు మనిషి తనకి లేని విలువ పెళ్ళాం గుడ్డముక్కకి ఉంది. అది కూడా సాయంత్రం దాకానే. తలగుడ్డ రాళ్ళు విసరదని తెలుసుకుని పిట్టలన్నీ చుట్టాలతో సహా తిరిగొచ్చాయి.

తలగుడ్డ విప్పుకుని ఇంటికెళ్ళేసరికి ఆవిడ దండెం పక్కనే నిలబడి ఉంది.

"నా తలగుడ్డకి కూలి ఎంతిస్తున్నావు మావా?"

"పంట పోతే రేపు తినేదేంటే?" అన్నాడు నీరసంగా. "రావే."

"వస్తాను. ఆ మాట ఎక్కడ అన్నావో అక్కడే వెనక్కి తీసుకో."

మర్నాడు సంఘం గదిలో మీసాలాయన మీసం ముట్టుకోకుండానే మాట్లాడాడు. "మా ఆవిడ రైతే," అన్నాడు.

"ఇంట్లో పోరు పడలేక అంటున్నావు," అని నవ్వాడు కార్యదర్శి. "అక్క రైతని ఎవరు చెప్పారు?"

"పిట్టలు."

పడీపడీ నవ్వి, తమాషా చూద్దామని అందరూ చేనుకి బయల్దేరారు. గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. కార్యదర్శి చెప్పు తీసి ఝళిపించాడు. పిట్టలు తిండి మీంచి తల తిప్పలేదు. అప్పుడు బాట మలుపులో, కబురందుకుని వస్తున్న ఆవిడ ఎర్ర తలగుడ్డ కనిపించింది. ఆవిడ ఇంకా గట్టెక్కలేదు, నడుముకి దోపుకున్న వడిసెల తియ్యనూ లేదు. ఆ నడక గుర్తుపట్టి చేలో ఉన్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

ఎవరూ నవ్వలేదు. కార్యదర్శి చెప్పు కాలికి తొడుక్కున్నాడు.

"అక్క పేరు ఎక్కిస్తాను. కానీ ఇంటికి ఒకటే బావా. నీ పేరు కొట్టెయ్యాలి. మరి నువ్వేమవుతావు?"

మీసాలాయన చెయ్యి మీసం దాకా లేచి, కిందికి దిగింది. ఊళ్ళో ఆయనకున్న హోదా అంతా సంఘంలో ఉన్న ఆ పేరే. భార్య వైపు చూశాడు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు, పిట్టలు పొడిచేసిన కంకుల్ని నిమురుతోంది.

"నేను మా ఆవిడకి సాయం చేస్తాను, అంతే," అన్నాడు.

ఆవిడ తలగుడ్డ విప్పి, తెచ్చి ఆయన తలకి గట్టిగా చుట్టింది.

"అయితే ఇక్కడే ఉండు మావా. నేను సంఘానికి వెళ్ళి విత్తనం సంగతి తేల్చుకొస్తాను," అంది.

అందరూ ఆవిడ వెనకే వెళ్ళిపోయారు. పిట్టలు పైన చక్కర్లు కొడుతున్నాయి. ఎర్రగుడ్డ కింద ఈసారి నిజం మీసాలెందుకున్నాయో వాటికి బోధపడటం లేదు. అవి ఏ నిర్ణయానికీ రాకముందే ఆవిడ తిరిగొస్తే బాగుండునని, మీసాలాయన చేతులు బార్లా చాపి అలాగే నిలబడ్డాడు.