తూర్పు హద్దు సముద్రం

ఊరికి పడమర అర కిలోమీటరు దూరంలో ఉండాల్సిన తారురోడ్డు ఈ సోమవారం సూరాడ దానయ్య వాకిట్లో ఉంది. నేను స్కూటరు దాని మీదే ఆపి, స్టాండు వేసి, ఫైలు తీసుకుని దిగుతాను. రోడ్డు తనతో తెచ్చుకున్న కిలోమీటరు రాయి నీళ్ళ డ్రమ్ము పక్కన సర్దుకుని నిలబడింది. దానయ్య భార్య పోలమ్మ దాని మీద గిన్నెలు బోర్లించింది.

"ఎప్పుడొచ్చింది?" అని అడుగుతాను.

"తెల్లారగట్ల ఒచ్చీసినాది మేడమ్. దానెనకాలే బస్సొచ్చింది. కండక్టరు దిగి టిక్కెట్టు తీసుకోమని ఒకటే గోల. మా అరుగు మీద మేం కూకోడానికి టిక్కెట్టేటి?"

నేను ప్రొబేషన్ ఆఫీసర్‌ని. జైలుకు పంపకుండా కోర్టు బాండు మీద వదిలిన మనుషుల ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళెలా ఉన్నారో చూసి, చూసింది రాయడం నా పని. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాను. నాకు కోపం ఎక్కువని ఆఫీసులో పేరుంది. ఆ పేరు నిజమే.

దానయ్య వేటకు వెళ్ళేవాడు. అతని వల మీదుగా ఒకాయన మరబోటు నడిపి వలను పీలికలు చేశాడు. దానయ్య తెడ్డుతో ఆయన చెయ్యి విరగ్గొట్టాడు. ఏడాది పాటు ఊరి హద్దు దాటకుండా బుద్ధిగా ఉంటే కేసు మూసేస్తామని, దాటితే రెండేళ్ళు జైలని కోర్టు చెప్పింది. అంటే వేట లేదు. మూడు వందల యాభై ఆరు రోజులుగా అతను ఒడ్డున కూర్చుని, చిరిగిన వల అల్లుకుంటూ సముద్రాన్ని చూస్తున్నాడు. ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఆ హద్దులు రాసింది నేనే. బాండు ఫారంలో 'హద్దులు' అన్నచోట ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. మా నాన్న రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసేవాడు. ఆ ఇంటి అలవాటు కొద్దీ పొలం అమ్ముతున్నట్టు రాసేశాను: తూర్పు సముద్రం, పడమర తారురోడ్డు, ఉత్తరం ఐసు ఫ్యాక్టరీ గోడ, దక్షిణం శ్మశానం. సర్వే రాయి ఒక్కటీ రాయలేదు. కదిలేదాన్ని హద్దుగా రాయకూడదని నాన్న నాకు పదో ఏటే చెప్పాడు. రోడ్డూ గోడా కూడా కదులుతాయని మాత్రం చెప్పలేదు.

తనిఖీ కాగితం మీద 'హద్దుల ప్రస్తుత స్థితి' అని ఒక గడి ఉంటుంది. మా శాఖలో అందరం అందులో చూడకుండానే 'మార్పు లేదు' అని రాస్తాం. యాభై వారాలుగా నేనూ అదే రాశాను. ఈ రోజు టేపు తీసి కొలుస్తున్నాను. గుమ్మం నుంచి రోడ్డు అంచుకు నాలుగడుగుల రెండంగుళాలు.

బుధవారం నాటికి ఐసు ఫ్యాక్టరీ గోడ పెరట్లోకి వచ్చింది. దాంతోపాటు స్టూలు పట్టుకుని వాచ్‌మన్ కూడా వచ్చాడు. తన డ్యూటీ గోడకే తప్ప ఊరికి కాదని, అది ఎక్కడికి పోతే అక్కడికి పోతానని చెబుతున్నాడు. గోడ చల్లగా ఉందని పోలమ్మ పెరుగు గిన్నె దాని వారన పెట్టింది.

శుక్రవారం శ్మశానం వస్తుంది. సమాధులు తోసుకోకుండా వరసలో వస్తాయి. దానయ్య తండ్రి సమాధి అందరికన్నా ముందు వచ్చి గుమ్మం పక్కన ఆగుతుంది. పోలమ్మ చప్పున కొంగు తల మీదకు లాక్కుని లోపలికి వెళ్ళిపోతుంది. మామగారు బతికుండగా ఆవిడ ఆయన ఎదుట ఎప్పుడూ నిలబడలేదట.

సముద్రం మాత్రం తొందరపడదు. ఆదివారం మధ్యాహ్నం అది వంటగది గడప మీద ఉంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. కింద చిన్న అల వచ్చి, కట్టెపుల్లల్ని తడపకుండా చూసుకుని, వెనక్కి పోతోంది. దానయ్య మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. అతని కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి.

"ఏడాది పొద్దు దాని దగ్గిరికి ఎల్లనేదు మేడమ్," అంటాడు. "కలలోన గూడా ఒడ్డు మీదే కూకున్నాను. ఇప్పుడదే ఒచ్చి నన్ను ముట్టుకుంటే నాను జైలుకెల్లాలా?"

"వెళ్ళక్కర్లేదు," అంటాను.

"కాయితంలో అలాగనే ఉందా?"

కాగితంలో అలా లేదు. నా చేతిరాత నన్నే వెక్కిరిస్తున్నట్టు ఉంది. నాకు సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు కాసేపట్లోనే కోపంగా మారుతుంది. కోపంతో నాకు అలవాటే కాబట్టి దానితోనే ఇంటికి వెళతాను.

సోమవారం మా పై అధికారి పట్నాయక్ గారు పిలుస్తారు. ఆయన బల్ల ఎప్పుడూ మామూలు బల్లే. ఈ రోజు నేను కూర్చోగానే పొడుగవడం మొదలుపెట్టింది.

"సుభద్ర గారూ, హద్దులు తగ్గాయంటే మనిషి ఎక్కువైనట్టే కదా," అంటారాయన.

"మనిషి అంతే ఉన్నాడండీ. కొలిచాను."

"హద్దుల మధ్య చోటెంత?"

"ఈ ఉదయానికి ఏడడుగులు."

"మంచం?"

"ఆరు."

"రేపటికి?"

"రేపటి సంగతి రేపు కొలుస్తాను."

మాట మాటకీ బల్ల ఒక గజం పెరుగుతోంది. ఆయన దూరం జరిగిపోతూ ఒక కాగితం నా వైపు తోస్తారు. అది బల్ల మీద చాలాసేపు జారి నా దగ్గరికి చేరుతుంది. 'దానయ్య హద్దు ఉల్లంఘించాడు' అని ముందే టైపు చేయించి ఉంది. నా సంతకం ఒక్కటే తక్కువ. ఆయన అంత దూరంలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నారు.

నేను ఆ వాక్యం కొట్టేసి కింద రాస్తాను: 'హద్దులు మనిషిని దాటాయి. మనిషి హద్దులు దాటలేదు.' కాగితం వెనక్కి తోస్తాను.

"ఇలాంటిది రాయడానికి ఫారంలో గడి లేదమ్మా!" అని అరుస్తారు ఆయన. ఇప్పుడు అరవకుండా వినపడేంత దగ్గర్లో లేరు.

"అయితే గీయించండి!" అని నేనూ అరుస్తాను.

"రేపు మధ్యాహ్నం కానిస్టేబుల్‌ని తీసుకుని నేనే వస్తాను!"

రేపు మంగళవారం. బాండుకు ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి కోర్టు మూస్తారు, బాండు తీరిపోతుంది. ఆ లోపల దానయ్య హద్దు దాటాడని పట్నాయక్ గారు రాస్తే ఏడాది కూర్చున్నదంతా వృథా.

మంగళవారం పొద్దున్నే వెళతాను. ఇల్లు లేదు. మంచం ఉంది. దాని నాలుగు కోళ్ళకూ నాలుగు హద్దులు ఆనుకుని ఉన్నాయి. తలవైపు రోడ్డు, కాళ్ళవైపు సముద్రం, ఒక పక్క గోడ, ఇంకో పక్క తండ్రి సమాధి. దానయ్య మధ్యలో మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్నాడు. పోలమ్మ మీద ఏ బాండూ లేదు కాబట్టి ఆమె రోడ్డు మీద నిలబడి, హారన్ కొడుతున్న బస్సును తిడుతోంది.

పన్నెండింటికి అదే బస్సులోంచి పట్నాయక్ గారూ కానిస్టేబులూ దిగుతారు. పట్నాయక్ గారు మంచం చుట్టూ తిరిగి, వంగి చూస్తారు. చెయ్యి బయట లేదు. కాలు బయట లేదు. ఆయన కాసేపు ఆలోచించి దానయ్య ముక్కు దగ్గర అరచెయ్యి పెడతారు.

"ఊపిరి," అంటారు. "ఊపిరి హద్దు దాటుతోంది."

దానయ్య ఊపిరి బిగబడతాడు.

అతన్ని ఎవరూ బిగబట్టమనలేదు. వద్దనీ అనలేదు. ఏడాది పాటు చెప్పిందల్లా విన్న మనిషి కాబట్టి ఇది కూడా విన్నాడు. మెడ నరాలు ఉబ్బుతున్నాయి. ముఖం నల్లబడుతోంది. కానిస్టేబులు గడియారం చూసుకుని, "ఐదింటిదాకా బిగబట్టే ఉండాలా సార్?" అని మెల్లగా అడుగుతున్నాడు. పోలమ్మ "ఓరి నాయనోయ్, ఒదిలీ!" అని మొగుడి వీపు మీద చరుస్తోంది.

నా ఒళ్ళు మండిపోతోంది. ఇరవై రెండేళ్ళలో ఎన్ని 'మార్పు లేదు'లు రాశానో అవన్నీ ఒక్కసారిగా గుర్తొస్తున్నాయి. ఫైలు తెరిచి, తనిఖీ కాగితం మోకాలి మీద పెట్టుకుని, 'హద్దుల ప్రస్తుత స్థితి' గడిలో రాస్తాను.

తూర్పు: నేను. పడమర: నేను. ఉత్తరం: నేను. దక్షిణం: నేను.

తేదీ వేసి, సంతకం చేసి, ముద్ర కొడతాను. ముద్ర పడగానే నలుగురినవుతాను.

"దానయ్యా, వదులు," అంటాం నలుగురం.

అతను ఊపిరి వదులుతాడు. అది నలుగురి ముఖాలకూ తగులుతుంది. రాత్రి తిన్న ఎండుచేపల వాసన వస్తోంది. ఆ ఊపిరి ఏ చోటా నన్ను దాటదు.

"మీరు మనిషి," అంటారు పట్నాయక్ గారు. "హద్దు కాదు."

"ఇరవై రెండేళ్ళుగా వీళ్ళకి నేను హద్దునే కదండీ. ఇవాళ కాగితం మీదికి ఎక్కింది, అంతే."

పడమటి నేను రోడ్డును చుట్టచుట్టి బస్సుతో సహా వెనక్కి తోసుకుపోతున్నాను. కండక్టరు కిటికీలోంచి టిక్కెట్టు అడుగుతున్నాడు. నేను తీసుకోను. ఉత్తరపు నేను గోడకు భుజం ఆనించాను. వాచ్‌మన్ స్టూలు చంకలో పెట్టుకుని నడుస్తున్నాడు. దక్షిణపు నేను సమాధుల్ని పేరుపేరునా పిలిచి వెంటబెట్టుకు పోతున్నాను. దానయ్య తండ్రి కదలడానికి కాస్త మొండికేస్తాడు. కొడుకు లేచి నిలబడ్డాక కదులుతాడు.

తూర్పు నేను సముద్రం మీద కాలు పెడతాను. అది మునగనివ్వదు. తడి గచ్చులా గట్టిగా, కాస్త జారుడుగా ఉంది.

"తెప్ప దించు," అంటాను. "నా వెనకాల ఉన్నంతసేపూ నువ్వు లోపలే."

"ఎంత దూరం మేడమ్?"

"నువ్వెంత దూరం వస్తే అంత."

దానయ్య చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే, ఏడాదిగా ఒడ్డున పడి ఉన్న తెప్ప మీద చెయ్యి వేస్తాడు. పోలమ్మ ఒక పక్క పడుతుంది. కానిస్టేబులు బేడీలు టోపీలో వేసి, టోపీ ఇసుకలో పెట్టి, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని రెండో పక్క పడతాడు. పట్నాయక్ గారు తన నోటుపుస్తకంలో ఉల్లంఘన కోసం వెతుకుతున్నారు. ఆయన రాసే ప్రతి అక్షరం గాలికి ఆరి కాగితం మీంచి రాలిపోతోంది.

నేను ముందు నడుస్తాను. తెప్ప నా వెనక వస్తుంది. నేను అడుగేస్తే హద్దు అడుగేస్తుంది. ఒడ్డు సన్నబడుతోంది. దానయ్య ఇన్నాళ్ళూ నోట పలకని పదం పాడుతున్నాడు, తెడ్డు వేసే మనుషులు పాడుకునేది. గొంతు తుప్పు పట్టింది. అయినా ఆపడు.

ఐదవుతుంది. కోర్టు తలుపులు మూసిన చప్పుడు సముద్రం మీదుగా వచ్చి మమ్మల్ని దాటిపోతుంది.

"టైమైపోయినాది మేడమ్!" దానయ్య తెప్ప మీద లేచి నిలబడ్డాడు. "ఇంక మీరు అక్కర్నేదు! తప్పుకోండి!"

నా ఉద్యోగంలో ఇంత మంచి మాట నాతో ఎవరూ అనలేదు. పక్కకు తప్పుకుంటాను. అతను తెప్పను నన్ను దాటించి, నేనింకా అడుగుపెట్టని నీళ్ళలో వల విసురుతాడు. వల పడిన చోట వెండి పొంగుతోంది. నేను పగలబడి నవ్వుతున్నాను.

ఒడ్డు నుంచి పట్నాయక్ గారు చేతులూపుతున్నారు. "వెనక్కి రండి సుభద్ర గారూ! మీ నలుగురూ రద్దయ్యారు!"

"రద్దు చెయ్యడానికి ఫారంలో గడి లేదు సార్!" అని అరుస్తాను. నిజంగానే లేదు. ఆగమని నాకెవరూ రాసివ్వలేదు కాబట్టి నడుస్తూనే ఉంటాను. పడమటి నేను మూడో జిల్లాలో ఉన్నాను. ఉత్తరపు నాకు కాళ్ళ కింద మంచు తగులుతోంది.

ఇక్కడ నీళ్ళు తేటగా ఉన్నాయి. కింద ఇళ్ళు కనిపిస్తున్నాయి. సముద్రం ఒక్కో అంగుళం జరుగుతూ మింగిన పాత ఊళ్ళవి. బడి ఉంది, చర్చి ఉంది, ఉప్పుచేప ఆరేసే తాళ్ళున్నాయి. ఆ ఊళ్ళ జనం గుమ్మాల్లోకి వచ్చి, చేతులు నుదుటికి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నారు. ఎవరి ఇంటికీ ఏ దిక్కునా హద్దు లేదు. చేపలు ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి అడక్కుండా పోతున్నాయి.

ఒక ముసలావిడ తన ఇంటి కప్పెక్కి, చెయ్యి పైకి చాపి, నా పాదం పట్టుకుంటుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"మమ్మల్నెవులూ సూడ్డానికి రానేదమ్మా," అంటుంది. "నువ్వు రాసీ మనిసివేనా?"

"నేనే," అంటాను.

నీటి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పెన్ను మూత తీస్తాను. కిందినుంచి మొదటి ఊరు, పునాదులతో, గోడలతో, గోడలకు తగిలించిన పెళ్ళి ఫోటోలతో, పేరు రాయించుకోవడానికి నా ఒళ్ళోకి లేస్తోంది.